పెంకుటింటి పన్ను

మా అక్క మనవరాలికి పంచాయతీ కార్యదర్శి ఉద్యోగం వచ్చింది. చేరేముందు నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, ఏమేం చదువుకోవాలి?" అని అడిగింది. చట్టం చదువుకోమన్నాను. చదివేసిందట. అయితే ఇక చదవాల్సిందేమీ లేదు, తెలుసుకోవాల్సింది కొంత ఉంది, రాసి ఇస్తానన్నాను. అదే ఇది. కొత్తగా చేరే పిల్లలు ఎవరైనా చదువుకోవచ్చు. పాతవాళ్ళు చదివితే కోపం వస్తుంది.

నేను పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుగా చేరింది యాభైల చివర. పంచాయతీ సమితులు కొత్తగా వస్తున్నాయి. నయా పైసలు వచ్చినా జనం ఇంకా అణాల్లోనే లెక్క చెప్పుకునేవారు. నాన్న నెల్లూరులో మిషన్ బడి పంతులు. కొడుకు ఆఫీసరయ్యాడని ఆదివారం ఆరాధనలో నా కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించాడు. వెళ్ళి చూస్తే ఆఫీసు ఒక గది, ఒక బల్ల, ఒక బీరువా. బీరువాలో ఎలుకలు. నా కింద ఒకే ఒక బిల్ కలెక్టరు, మస్తానయ్య. అతనికి జీతం తక్కువ, కాళ్ళనొప్పులు ఎక్కువ.

ఊరు వాకాడు వైపు, సముద్రం దగ్గర. పేరు రాయను. అక్కడివాళ్ళు ఇప్పటికీ నాతో మాట్లాడుతున్నారు, దాన్ని చెడగొట్టుకోవడం ఇష్టం లేదు. ఊళ్ళో వరి పండించే రైతులు. ఊరికి తూర్పున, ఇసుకలో, చేపలు పట్టేవాళ్ళ పాలెం. రెండూ కలిసి ఒకే పంచాయతీ.

పంచాయతీ పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. వీధి దీపాలు వెలగాలి, బావిలో నీళ్ళు తోడుకోగలగాలి, కాలవలు పారాలి. అందుకు డబ్బు ఇంటి పన్ను నుంచి రావాలి. డబ్బు చాలకపోతే దారులు రెండే. ఒకటి పన్ను పెంచడం. రెండోది ఖర్చు చూసుకోవడం. మొదటిదానికి ఒక తీర్మానం చాలు. రెండోదానికి ఎండలో తిరగాలి. అందుకే ఎక్కువమంది మొదటిదాన్నే పట్టుకుంటారు. నేనూ ఒకసారి పట్టుకున్నాను. ఈ రాతంతా దాని గురించే.

బావి దగ్గర కూర్చున్న ప్రెసిడెంటు

నేను చేరినప్పుడు ప్రెసిడెంటు పెంచలరెడ్డి గారు. అరవై దాటిన మనిషి. చదువు వానాకాలం చదువే. సంతకం పెట్టడానికి ఎంతసేపు పట్టేదంటే, ఈలోపు ఆ కాగితం అవసరమా కాదా అని ఆయనకూ మనకూ ఆలోచించుకునే వ్యవధి దొరికేది.

ఊరి మంచినీళ్ళ బావికి చేంతాడు కొనడం పంచాయతీ ఖర్చు. రెండు నెలలకోసారి తాడు తెగేది, కొత్తది కొనేవాళ్ళం. నేను చేరిన ఏడాదే, మరీ లావుపాటి తాడు కొందామని కాగితం పెట్టాను. పెంచలరెడ్డి గారు దాన్ని చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున్నే బావి దగ్గర మంచం వేయించుకుని కూర్చున్నారు. నన్నూ నిలబెట్టారు. ఆడవాళ్ళు సిగ్గుపడి నీళ్ళకు రావడం మానేశారు. కొంతసేపటికి దాహం సిగ్గును గెలిచింది, వచ్చారు. ఆయన ఆడవాళ్ళను చూడలేదు, నీళ్ళను చూడలేదు. తలెత్తి గిలకను చూస్తూ కూర్చున్నారు.

"ఏమయ్యా దేవసహాయం, ఆ గిలక చూసినావా?"

చూశాను. ఒక పక్క అరిగి, అంచు కత్తిలా తేలింది. తాడు దాని మీద ఒరుసుకుంటూ పోతోంది.

"మూడేళ్ళుగా తాళ్ళు కొంటుండాం. తప్పు తాడుది కాదు."

గిలక మార్చాం. ఆ తాడు ఏడాది దాటి నడిచింది. ఆ తరువాత ఏ ఖర్చు కాగితం వచ్చినా, సంతకానికి ముందు ఆ చోటికి వెళ్ళి కాసేపు ఊరికే కూర్చోవాలని ఆయన నాకు అలవాటు చేశారు. వీధి దీపాల కిరసనాయిలు సరిపోవడం లేదంటే, ఇద్దరం సాయంత్రం పూట ఊరంతా నడిచాం. మెంబర్లలో ముగ్గురి గుమ్మాల ముందు మూడు దీపస్తంభాలు ఉన్నాయి. పాలెం దారిలో ఒక్కటీ లేదు. ఆ ముగ్గురూ ఆయన బంధువులే కాబట్టి ఆయన ఆ విషయం అప్పటికి వదిలేశారు. మహానుభావుడని రాయను. తాడు విషయంలో మాత్రం నాకు గురువు.

ఆయన ఎన్నికల్లో పోటీ మానుకుని పొలం చూసుకోవడం మొదలుపెట్టాక శేషారెడ్డి గారు ప్రెసిడెంటయ్యారు. ముప్పై అయిదేళ్ళవాడు. మంచివాడు, ఉత్సాహవంతుడు. పంచాయతీకి దొంగ కంటే ఉత్సాహవంతుడు ఎక్కువ ఖర్చు తెస్తాడు. దొంగనైతే పట్టుకోవచ్చు.

ద్వారం

మా ఊరికి కొత్త రోడ్డు పడింది. దాన్ని ప్రారంభించడానికి మంత్రిగారు వస్తారన్నారు. శేషారెడ్డి గారు నన్ను పిలిచి, "ఏదన్నా చెయ్యాలయ్యా, ఊరు గుర్తుండిపోవాల" అన్నారు.

ఊరి మొదట్లో సిమెంటుతో స్వాగత ద్వారం కడదామన్నాను. ఈ ఆలోచన శేషారెడ్డి గారిదని అందరూ అనుకున్నారు. ఇన్నేళ్ళూ నేను కాదనలేదు. ఇప్పుడు అంటున్నాను. నాది. నెల్లూరులో అలాంటిది ఒకటి చూశాను, దాని కింద నుంచి సైకిలు మీద పోతుంటే నేనేదో సాధించినట్టు అనిపించింది.

డబ్బు ఎక్కడిది? నేనే దారి చూపించాను. మా పంచాయతీలో ఇంటి పన్ను కప్పును బట్టి ఉండేది. తాటాకు కప్పుకు తక్కువ. పెంకు కప్పుకు దానికి మూడింతలు. పూరిళ్ళ జోలికి పోవద్దు, అది పేదల నోటికాడి కూడు. పెంకుటిళ్ళ పన్ను రెట్టింపు చేద్దామన్నాను. పేదలను కాపాడానన్న గర్వం కూడా కలిగింది. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

ఇంకో తెలివి కూడా చూపించాను. రైతుల్లో కొందరు పెంకుటిల్లు ఉంచుకుని, వెనక వంటపాకకు తాటాకు కప్పి, "మాది పూరిల్లే గదా" అనేవాళ్ళు. వాళ్ళ ఆట కట్టించడానికి తీర్మానంలో ఒక వాక్యం చేర్చాను. ఇంట్లో ఏ భాగం మీద పెంకు ఉన్నా అది పెంకుటిల్లే. నా సర్వీసులో నేను రాసిన వాక్యాల్లో అంత స్పష్టమైనది ఇంకొకటి లేదు. అంత నష్టం చేసింది కూడా లేదు.

కావమ్మ అడిగిన లెక్క

తీర్మానాన్ని ఊళ్ళో చాటించిన వారానికి పాలెం నుంచి కావమ్మ అనే ఆవిడ ఆఫీసుకు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. భర్త గోవిందు సముద్రం మీదికి పోతాడు, ఈమె ఎండుచేపలు గంపలో పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముతుంది. గడప అవతలే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. చేపల వాసన కాగితాలకు పడుతుందని ఎవరో చెప్పారట.

"సామీ, నాలుగేళ్ళుగా ఒక్కో బండి గూడూరు నుంచి బెంగుళూరు పెంకు తెచ్చుకుంటుండా. ముందు పక్కకి సరిపోతాయి. వెనక పక్కకి ఆకే. అట్టా వేసుకుంటే పన్ను ఎంతయితది?"

"పెంకుటింటి పన్నే."

"సగం ఇంటికి సగం పన్ను కాదా?"

"కాదమ్మా. ఏ కొంచెం పెంకున్నా మొత్తం పెంకుటిల్లే."

"మొత్తం పెంకేసినోళ్ళకి?"

"వాళ్ళకూ అంతే."

వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుంది.

"ఆ పన్ను కట్టేదానికి ఏడాదికి ఒక బండి పెంకు కొనేది పోతాది సామీ. అట్టయితే వెనక పక్క ఎప్పటికీ ఆకే. అంత కట్టి సగం ఆకింట్లో ఉండేదానికంటే, మొత్తం ఆకింట్లో ఉండేదే మేలు గదా?"

లెక్క తప్పు లేదు. నేను వేయాల్సిన లెక్క ఆమె వేసింది. నేను కుర్చీలో సర్దుకుని, "అది మీ ఇష్టం" అన్నాను.

పిల్లలూ, కుర్చీలో కూర్చున్నవాడు నిలబడ్డవాళ్ళతో అనగలిగిన మాటల్లో ఇంతకంటే చెడ్డది లేదు. తిట్టినా నయం. తిడితే అవతలి మనిషి కనీసం తిరిగి తిట్టగలుగుతుంది. కావమ్మ "సరే సామీ" అని వెళ్ళిపోయింది. నేను పెంచలరెడ్డి గారి దగ్గర నేర్చుకున్నది మరిచిపోయాను. లేచి పాలేనికి వెళ్ళి, ఆ ఇంటి ముందు కాసేపు కూర్చోలేదు. ద్వారం పనికి మేస్త్రీ వచ్చి ఉన్నాడు. అటు వెళ్ళాను.

మే నెల

ద్వారానికి రెండు స్తంభాలు లేచాయి. పైన కమాను కట్టాలి. ఒక మధ్యాహ్నం, స్తంభాల నీడలో నేనూ మేస్త్రీ మజ్జిగ తాగుతుంటే తూర్పు వైపు పొగ కనిపించింది.

మా వైపు ఎండాకాలంలో తాటాకు ఎంత ఎండిపోతుందో అక్కడ ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎవరి పొయ్యి నుంచో ఒక రవ్వ లేచింది. గాలి ఎటు తిరిగితే అటు ఇళ్ళు అంటుకున్నాయి. మేము ఇసుకలో పడుతూ లేస్తూ పాలెం చేరేసరికి ఆర్పడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. పాలెంలో సగం పోయింది. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు. మగవాళ్ళు చాలామంది సముద్రం మీద ఉన్నారు. పొగను వాళ్ళు అక్కణ్ణుంచే చూశారట. ఒడ్డుకు చేరడానికి పట్టినంతసేపూ ఎవరి ఇల్లో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వచ్చారట.

కాలిన ఇళ్ళ జాబితా రాయడం నా పని. కావమ్మ ఇంటి దగ్గరికి వచ్చాను. ఇల్లు లేదు. గోడలు నడుం ఎత్తున, లోపల బూడిద. వానాకాలం వేసే పెద్ద వలను అటక మీద పెట్టుకున్నారట. నూలు వల, భార్యాభర్తలు రెండేళ్ళు కూర్చుని అల్లింది. దాన్ని తేవడానికి ఆమె లోపలికి పోయింది. సగం చేతికొచ్చింది. రెండు ముంజేతులూ కాలాయి. తడిగుడ్డ చుట్టుకుని, బొబ్బలతో, ఇసుకలో కూర్చుని ఉంది.

ఇంటి పక్కన, చక్కగా పేర్చిన పెంకుల వరుస. పైన మసి పట్టింది. ఒక్కటీ పగల్లేదు.

ఆ పెంకులు కప్పుంటే అన్నీ ఆగేవని నేననను. వెనక పక్క ఆకే కదా. ముందు పక్కనున్న అటకైనా, వలైనా మిగిలేవి. ఆ మాట నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరం ఆ పెంకుల వైపు చూడకుండా మాట్లాడుకున్నాం.

"ఎట్లా ఉందమ్మా?"

"ఉండా సామీ. ఒక మాట అడగనా? ఇల్లు కాలిపోయినాక ఈ ఏటి పన్ను కట్టాల్నా?"

"అక్కర్లేదు."

"మేలు" అంది.

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. నాకు ఆ క్షణంలో కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. జాబితా కాగితం మీద రాసుకోవడానికి వంగి, చాలాసేపు వంగే ఉన్నాను.

రెండు స్తంభాలు

మర్నాడు శేషారెడ్డి గారి ఇంటికి వెళ్ళి ద్వారం ఆపేద్దామన్నాను. పెంకుటిళ్ళ పెంపు కూడా తీసేద్దామన్నాను.

"వచ్చే నెల మంత్రిగారు వస్తుంటే ద్వారం ఆపేదా? ఆ ఆలోచన నీదే గదయ్యా!"

"నాదే. అందుకే నేనే వచ్చాను."

"మనం ద్వారం కట్టినామని పాలెంలో అగ్గి పడిందా?"

"అగ్గి మనవల్ల పడలేదు. పెంకులు ఇంటి మీద ఉండాల్సింది, ఇంటి పక్కన ఉన్నాయి. అది మాత్రం మనవల్లే. ఒకసారి వచ్చి చూడండి."

రానన్నారు. పెంచలరెడ్డి గారు మీ స్థానంలో ఉంటే ఈపాటికి అక్కడ మంచం వేసుకుని ఉండేవారన్నాను. అది అనకూడని మాట. కొత్త ప్రెసిడెంటుకు పాత ప్రెసిడెంటును చూపించి ఎప్పుడూ మాట్లాడకండి. కోపంతో ఎర్రబడ్డారు. కానీ చెప్పులేసుకున్నారు.

పాలెంలో ఆయన ఆ పెంకుల చుట్టూ ఒకసారి తిరిగారు. ఒక పెంకు తీసి బొటనవేలితో మసి తుడిచారు. కింద ఎర్రగా, కొత్తగా ఉంది. మస్తానయ్య మా వెనకే ఉన్నాడు.

"ఇట్టా పెంకులు పెట్టుకున్నోళ్ళు ఇంకా ఉండారా?" అని అడిగారు.

"ఇంకో ఆరిళ్ళు ఉండాయి రెడ్డిగారూ. పన్ను పెరిగినాక ఎవురూ కప్పలా" అన్నాడు మస్తానయ్య.

"ముందే చెప్పలేదేంరా?"

"నన్నెవురూ అడగలా."

నిజమే. తీర్మానం రాసేటప్పుడు నేను చట్టాన్ని అడిగాను, ప్రెసిడెంటును అడిగాను. గడప గడపకూ తిరిగే మనిషి అదే గదిలో ఓ మూల కాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చుని ఉన్నాడు, అతన్ని అడగలేదు. మీ బిల్ కలెక్టరును అడగండి. అతనికి సెలవు చీటీ రాయడం రాకపోవచ్చు, కానీ ఊరి కప్పులన్నీ తెలుసు.

శేషారెడ్డి గారు పెంకును తీసినచోటే పెట్టి, "ఆపెయ్" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవం. మంత్రి ముందు చిన్నబోవడానికి సిద్ధపడ్డ ప్రెసిడెంటును నేను మళ్ళీ చూడలేదు.

పెంపు రద్దయింది. పాలెంలో ఎవరు పెంకు కప్పుకున్నా తాటాకు ఇంటి పన్నేనని కొత్త తీర్మానం చేశాం. ఒక మెంబరు "పాలేనికో న్యాయం, మాకో న్యాయమా?" అన్నాడు. "నీ ఇల్లు కాలినప్పుడు నీకూ చేద్దాంలే" అన్నారు శేషారెడ్డి గారు. ద్వారానికి తెచ్చి మిగిలిన సిమెంటు పాలెం బావి గట్టుకు వేశాం. మెంబర్ల గుమ్మాల ముందున్న మూడు దీపాలు పాలెం దారికి మారాయి. ఆ ముగ్గురూ నాతో మాటలు మానేశారు. దానివల్ల నాకు ఆఫీసులో పని త్వరగా అయ్యేది.

మంత్రిగారు వచ్చారు. దారికి ఇటూ అటూ నిలబడ్డ స్తంభాలను చూసి ఇవేమిటన్నారు. "హద్దులండీ" అన్నారు శేషారెడ్డి గారు. ఊరికి చాలా గట్టి హద్దులున్నాయని మంత్రిగారు మెచ్చుకున్నారు. ఆ తరువాత వాటికి గేదెలను కట్టేసేవారు.

ఏమీ జరగలేదని చాటించడం

ఇక్కడితో అయిపోయిందని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను.

ఆ చలికాలం పాలేనికి వెళ్ళాను. ఇళ్ళు మళ్ళీ లేచాయి. కావమ్మ ఇంటి పక్కన పెంకుల వరుస లేదు. సంతోషించి కప్పు వైపు చూస్తే తాటాకే. అమ్ముకుందేమో అనుకున్నాను. మస్తానయ్య కర్రతో చూరును తట్టాడు. టక్కుమంది.

"ఆకు కింద పెంకుండాది సార్."

పెంకు కప్పి, దాని మీద తాటాకు పరిచారు. ఒక్క కావమ్మ కాదు, ఆ ఏడిళ్ళవాళ్ళూ అంతే. పంచాయతీకి కనబడకుండా పెంకుటిళ్ళు కట్టుకున్నారు.

"ఇదేమిటమ్మా?" అన్నాను.

"ఎండకి సామీ. చల్లగా ఉంటాది."

పుష్యమాసం. నేను మఫ్లరు చుట్టుకుని ఉన్నాను.

"పన్ను పెరగదని తీర్మానం చేశాం కదమ్మా. ఆకు కూడా అంటుకుంటుంది కదా."

ఆమె చేతుల మీది మచ్చలు చూసుకుంది. "ఈ ఏడు పెరగదు సామీ. నిజమే. వచ్చే ఏడు మీకు ఇంకో ద్వారం గుర్తుకొస్తాది" అంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏముంది? తీర్మానం రద్దు చెయ్యడానికి ఒక పూట చాలింది. నమ్మకాన్ని వెనక్కి తెచ్చే తీర్మానం ఏ చట్టంలోనూ లేదు. వెతికాను కూడా.

అప్పుడు నేను చేసిన పని నా సర్వీసులో నేను పెట్టిన ఒకే ఒక వృథా ఖర్చని ఆడిట్‌వారు రాశారు. ఆర్నెల్లకోసారి పాలెంలో దండోరా వేయించేవాణ్ణి. "ఈ అర్ధ సంవత్సరం ఇంటి పన్ను పెరగలేదహో!" అని. మెంబర్లు నవ్వారు. పెరిగితే చాటిస్తారు గానీ, పెరగనిదానికి చాటింపేమిటన్నారు. దండోరా వేసేవాడు కూడా మొదటిసారి, "అంతేనా సార్? ఇంకేం లేదా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆ మాట ప్రతి ఆర్నెల్లకూ నిజం కావాలంటే మధ్యలో నేను చాలా వాటికి కాదనాల్సి వచ్చింది. రేడియో గదికి రంగు, సమితి పెద్దల విందు, ఆఫీసుకు కొత్త బీరువా. ఎలుకలు పాత బీరువాలోనే వృద్ధి చెందాయి. ఊళ్ళో నాకు "లేదు సారు" అని పేరు పెట్టారు. మా ఆవిడ చీర అడిగినప్పుడు కూడా ఆ పేరే వాడింది.

మూడేళ్ళు అలా నడిచింది. నాకు బదిలీ ఉత్తర్వు వచ్చిన నెలలో ఒకరోజు కావమ్మ ఆఫీసుకు వచ్చింది. ఈసారి గడప దాటి లోపలికే వచ్చింది. కొంగుముడి విప్పి పన్ను డబ్బులు బల్ల మీద పెట్టింది. మస్తానయ్య వెళ్ళకముందే పన్ను తనంతట తాను నడిచి రావడం ఆ పంచాయతీలో నేను చూసింది అప్పుడే.

"పెంకు మీద ఆకు దించేసినాం సామీ. పొయ్యిలోకి పెట్టుకున్నా. మా ఏడిళ్ళోళ్ళం అందరం దించేసినాం."

రసీదు పుస్తకం తీశాను. పన్ను ఎలాగూ తాటాకు ఇంటిదే కాబట్టి, అలవాటు కొద్దీ "పూరిల్లు" అని రాయబోయాను.

"అట్టా రాయబాక సామీ" అంది. "పెంకుటిల్లని రాయి. మా పిల్లోడికి సంబంధం మాట్లాడుతుండాం. వాళ్ళకి చూపించాల."

పెంకుటిల్లు అని రాశాను. కళ్ళలో నీళ్ళు తిరిగి అక్షరాలు కొంచెం వంకర పోయాయి. ఆమె రసీదును తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.